ఒక్కపొద్దుతో మాలకొండ ఎక్కొచ్చా?

ప్రశ్న: నా వయసు 56. మాది కందుకూరు. చాలా ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. పొద్దున గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర ఒకటి, బీపీ మాత్ర ఒకటి వేసుకుంటాను. శనివారం ఒక్కపొద్దు ఉండి మాలకొండ మీది నరసింహస్వామి గుడికి వెళ్తుంటాను. పోయినసారి స్వామి దర్శనం అయ్యాక పైన అమ్మవారి గుడికి ఎక్కుతుంటే చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగాయి. పులిహోర తిన్నాక తేరుకున్నాను. ఎండదెబ్బ అంటున్నారు. మళ్లీ వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చమ్మా. కానీ ఆ మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో మాత్రం కొండ ఎక్కకండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది ఎండదెబ్బ కన్నా షుగర్ పడిపోవడంలాగే ఉంది. తినగానే తేరుకున్నారు చూడండి, అదే పెద్ద ఆనవాలు.

గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా, షుగర్‌ను తగ్గించే ఇన్సులిన్‌ను ఒంట్లో విడుదల చేయిస్తూనే ఉంటుంది. దాని పని ఒక పూటతో అయిపోదు. పైగా మెట్లెక్కేటప్పుడు కాళ్ల కండరాలు రక్తంలోని చక్కెరను గబగబా వాడేసుకుంటాయి. కొండ దిగి ఇంటికొచ్చాక, రాత్రి నిద్రలో కూడా షుగర్ పడిపోవచ్చు. అందుకే ఆ రాత్రి భోజనం మానొద్దు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం చాలా తక్కువ.

మాలకొండ గుడి తెరిచేది శనివారమే కాబట్టి రోజు మార్చుకోండని నేను అనలేను. ఒక్కపొద్దునే కాస్త సడలించండి. పొద్దున రెండు ఇడ్లీలో, కాస్త ఉప్మానో తిని బయల్దేరండి. మందు వేసుకుని తినడం అపచారం కాదమ్మా. తినకుండా ఉండి తీరాలనుకుంటే, ఆ రోజు మాత్ర తగ్గించాలా, మానాలా అన్నది మీ డాక్టరును ముందే అడగండి. సొంతంగా మానొద్దు.

కొంగున గ్లూకోజ్ పొడి గానీ చక్కెర గానీ కట్టుకోండి. వణుకు మొదలవగానే ఉన్నచోటే కూర్చుని మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగండి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ అంతే. తగ్గాక ఏదైనా తినండి. గ్లూకోమీటర్ ఉంటే, 70 కన్నా తక్కువ చూపిస్తే ఇదే పని. అమ్మవారి గుడికి వెళ్లే బండ చీలికలోకి అడుగుపెట్టే ముందే ఒంటి సంగతి చూసుకోండి. ఆ ఇరుకులో, జనం మధ్య కళ్లు తిరిగితే కూర్చోవడానికి కూడా చోటుండదు. మీ బీపీ మాత్ర మెటోప్రొలాల్, అటెనలాల్ లాంటిదైతే వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్నే నమ్మండి.

ఇంకొకటి, పాదాలు. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే అరికాళ్లకు స్పర్శ తగ్గుతుంది. మధ్యాహ్నం కాలిన బండ మీద బొబ్బలెక్కినా తెలియదు. గుడి దాకా చెప్పులతోనే వెళ్లండి. ఇంటికొచ్చాక అరికాళ్లు, వేళ్ల సందులు ఎవరిచేతనైనా చూపించుకోండి.

మళ్లీ వెళ్లేలోపు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), ఈసీజీ (గుండె పరీక్ష) చేయించుకోండి. కిడ్నీలు మందగిస్తే ఈ మాత్ర ప్రభావం ఒంట్లో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. ఎక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టున్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా అక్కడితో ఆగి 108కి ఫోన్ చేయించండి.