మొరిగే వేటకుక్క గురించి అల్లుడికి రాసిన లేఖ

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

పలమనేరు దగ్గరి మామిడి తోటకు కాపలాగా నీవు తెచ్చుకున్న రాజపాళయం కుక్కపిల్లకు ఎనిమిది నెలలు నిండాయనీ, రాత్రంతా ఊరికే మొరుగుతుండటంతో పక్క తోటవాళ్లు గొడవకు వస్తున్నారనీ, దాని మెడకు కరెంటు షాకు ఇచ్చే పట్టీ కొనాలనుకుంటున్నావనీ రాశావు. ఆ పట్టీ మాత్రం కొనవద్దు. నా చిన్నతనంలో ఒక కుక్క గుర్రుమన్నప్పుడల్లా కర్రతో కొట్టి నోరు మూయించాను. అది గుర్రుమనడం మానేసింది కానీ, కరవడం మానలేదు. ముందుగా హెచ్చరించే గుణం పోయి, ఒకనాడు సద్దు లేకుండా వచ్చి నా పిక్కనే పట్టుకుంది. తప్పు నాదే.

రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ వంటివి అరుపుకన్నా చూపునూ పరుగునూ నమ్ముకున్న వేటజాతులు. అటువంటి కుక్క అదే పనిగా మొరుగుతున్నదంటే ఏదో ఒక కారణం ఉండి తీరుతుంది. కనుక ముందుగా నాలుగు రోజులపాటు అది ఎప్పుడు, దేనిని చూసి, ఎంతసేపు మొరిగిందో, ఎలా ఆగిందో ఒక చీటీలో రాసి పెట్టు. ఎలా ఆగిందన్నది మరిచిపోకు. అసలు గుట్టు అక్కడే ఉంటుంది.

ఇంకొక సంగతి ఈ జాతికే ప్రత్యేకం. తెల్లటి రాజపాళయాలలో పుట్టుచెవుడు తరచుగా కనిపిస్తుంది. కుక్క అటు తిరిగి ఉన్నప్పుడు వెనుకనుంచి తాళాల గుత్తిని గలగలలాడించి చూడు. నేలను తన్నవద్దు, ఆ అదురును అది పాదాలతోనే కనిపెడుతుంది. చెవులు కదపకపోయినా, శబ్దం ఎటునుంచి వచ్చిందో తెలియక తికమకపడినా ఇక్కడి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకురా. చెవుడున్న కుక్కకు మాట బదులు చేతి సైగ నేర్పవచ్చు. వినబడని కుక్కను మొండిదని తిట్టడం మాత్రం అన్యాయం.

చెవులు బాగుంటే నా అనుమానమంతా గొలుసుమీదే. పరుగుకోసం పుట్టిన జంతువును పగలంతా చెట్టుకు కట్టివేస్తే, దాని కాళ్లలో మిగిలిన బలమంతా రాత్రికి గొంతులోంచి వస్తుంది. తెల్లవారుజామున, మళ్లీ పొద్దు వాలాక, కంచె లోపల అరగంటకు తగ్గకుండా దానిని స్వేచ్ఛగా పరుగెత్తనివ్వు. మోటారు సైకిలు వెంట మాత్రం పరుగెత్తించకు. ఈ వయసులో ఎముకలు ఇంకా ముదరలేదు.

తిండికోసమో, నీవు దగ్గరికి రావాలనో మొరిగినప్పుడు దానివైపు చూడకు, అరవకు. నీవు కేకలు వేస్తే తనతోపాటు నీవూ మొరుగుతున్నావనుకుని అది ఇంకా రెచ్చిపోతుంది. నోరు మూసి నిలబడిన తరువాతనే సంగటి గిన్నె కింద పెట్టు. ఇలా మొదలుపెట్టిన తొలి రోజుల్లో మొరుగుడు తగ్గకపోగా మునుపటికన్నా పెరుగుతుంది. చాలామంది అక్కడే విసిగి లొంగిపోతారు, దానితో గట్టిగా మొరిగితే పని జరుగుతుందని కుక్క నేర్చుకుంటుంది. మీ అమ్మకు కూడా ఈ మాట నచ్చజెప్పు. ఆవిడ జాలిపడి ఒక్క ఇడ్లీ విసిరితే నీ వారం రోజుల శ్రమ వృథా అవుతుంది.

మేకల మందనో, దారిన పోయేవాళ్లనో చూసి మొరిగినప్పుడు చేయవలసింది వేరు. రెండు అరుపులు అరవనివ్వు, అది దాని ఉద్యోగం. తరువాత ఉడికించిన కోడి కార్జం ముక్కను ముక్కు దగ్గర పెట్టు. వాసన చూస్తూ మొరగడం కుక్కకు కష్టం. అరుపు ఆగిన క్షణంలోనే మెల్లగా ‘చాలు’ అని ముక్క ఇవ్వు. కాస్త ఆలస్యమైనా అది దేనికి దక్కిందో దానికి అర్థం కాదు. మొదట రెండు లెక్కలు, ఆపైన ఐదు, పది లెక్కలు మౌనంగా ఉన్నాకే ఇస్తూ పో. మంద మరీ దగ్గరికి వస్తే నేర్చుకునే స్థితిలో ఉండదు కనుక, దూరంగా ఉన్నప్పుడే మొదలుపెట్టి రోజుకు కొంచెం దగ్గరికి జరుగు.

అడవిపందుల మీదికి ఉసిగొల్పుదామన్న ఆలోచన ఉంటే మానుకో. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిపందికీ వర్తిస్తుంది. నీ కుక్క పని కంచె లోపలే. అంతకన్నా పెద్ద భయం కౌండిన్య అడవి ఏనుగులది. మొరుగుతూ ఏనుగు మీదికి పోయిన కుక్క, అది తరిమితే దాక్కోవడానికి యజమాని కాళ్ల దగ్గరికే పరుగెత్తుకు వస్తుంది, దాని వెనుకే ఏనుగూ వస్తుంది. అందుచేత ‘చాలు’ అన్న మాటతోపాటు, పిలవగానే తిరిగి వచ్చే అలవాటు కుదిరేదాకా రాత్రివేళ దానిని తోటలో ఒంటరిగా వదలక, నీవు పడుకునే గది గుమ్మం లోపలే పడుకోబెట్టు. నీ పక్కన ఉంటే రాత్రి మొరుగుడు సగం దానంతట అదే తగ్గవచ్చు.

వచ్చే ఆదివారం నేను పలమనేరుకు వస్తున్నాను. నాలుగు రోజుల చీటీ సిద్ధంగా ఉంచు. గొలుసు మాత్రం ఈ రోజే విప్పు.

ఇట్లు,
మీ మామ