కిర్క్ చనిపోయాడా, ఫెయిరీలు ఎత్తుకెళ్లాయా?

స్కాట్లాండ్‌లోని అబర్‌ఫాయిల్ పాస్టర్ రాబర్ట్ కిర్క్ గురించి మీరు చదివిన పుస్తకాల్లో రెండు రకాలుగా ఉందేమిటని అడిగారు. మీ రెండో పుస్తకం చరిత్రనీ, ఊరివాళ్లు చెప్పుకునే కథనీ ఒకే పేరాలో కలిపేసింది. అందుకే ఒకచోట ఆయన 1692లో చనిపోయాడనీ, ఇంకోచోట అక్కడి డూన్ కొండ దగ్గర ఫెయిరీలు (జానపద కథల్లోని మాయాజీవులు) ఎత్తుకెళ్లాయనీ కనిపిస్తోంది. ఇలా చేయండి:

1. 1692లో మరణం అన్నది చరిత్రగా తీసుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: కథ ఏ కాలానిదని చెబుతున్నారో చూసి ఆగిపోకండి, దాన్ని ఎవరు, ఎప్పుడు రాసిపెట్టారో పుస్తకం చివరి నోట్స్‌లో వెతకండి. ఫెయిరీల గురించి కిర్క్ స్వయంగా రాసిన పుస్తకం 1815లో గానీ అచ్చవలేదు. ఇక చనిపోయాక కిర్క్ తన బంధువుకు కనిపించి, "నా బిడ్డ బాప్టిజం రోజు వస్తాను, నా తల మీదుగా కత్తి విసిరితే ఫెయిరీల నుంచి విడుదలవుతాను" అన్నాడనీ, తీరా వచ్చినప్పుడు బంధువు నిర్ఘాంతపోయి విసరలేకపోయాడనీ చెప్పే కథ 19వ శతాబ్దంలో రచయిత వాల్టర్ స్కాట్ వంటివారి రాతలతో వ్యాపించింది. అబద్ధమని దాన్ని పారేయకండి! కిర్క్ జీవితానికి కాదు గానీ, అక్కడి జనం నమ్మకాలకు అది మంచి సాక్ష్యం.

3. నోట్స్ లేని పుస్తకాన్ని హాయిగా చదవండి, తేదీలకు మాత్రం నమ్ముకోకండి.

4. మంత్రగత్తెల విచారణల అధ్యాయంలో రాజు పేరు ఒకచోట ఆరవ జేమ్స్ అనీ, ఇంకోచోట మొదటి జేమ్స్ అనీ కనిపిస్తే టెన్షన్ పడకండి. స్కాట్లాండ్ ఆరవ జేమ్సే 1603 నుంచి ఇంగ్లండ్‌కు మొదటి జేమ్స్ కూడా. స్కాట్లాండ్‌లో 1590-91 నార్త్ బెర్విక్ మంత్రగత్తెల విచారణల నాటికి ఆయన స్కాట్లాండ్ రాజు మాత్రమే.