పాఠకుల ప్రశ్నలకు జవాబులు: ఉదయం నీళ్లలోకి, సాయంత్రం పడవలోకి

ప్రశ్న: ఫిబ్రవరిలో ఇద్దరు పిల్లలతో, మా అత్తమామలతో కలిసి అండమాన్ వెళ్లాలని అనుకుంటున్నాము. స్వరాజ్ ద్వీప్‌లో చిన్న బృందంతో స్నోర్కెలింగ్ (మాస్కూ, గాలి గొట్టమూ పెట్టుకుని నీటి పైన తేలుతూ అడుగున ఉన్నవి చూడటం), ఆ వెంటనే సూర్యాస్తమయం చూపించే క్రూజ్, రెండూ కలిపి ఒకే ప్యాకేజీ అని ఒక ట్రావెల్ ఏజెంటు చెబుతున్నారు. మధ్యాహ్నం రెండున్నరకు జెట్టీలో ఎక్కించుకుని చీకటి పడే వేళకు తిరిగి దింపుతారట. మాలో ఎవరికీ ఈత రాదు. మామయ్య గారికి అరవై ఆరేళ్లు, బీపీ మందులు వాడుతున్నారు. ఈ ప్యాకేజీకి డబ్బు కట్టవచ్చా?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఈ ప్యాకేజీలో నాకు అభ్యంతరంగా కనిపిస్తున్నది ధర కంటే ముందు దాని వేళ. అండమాన్ దీవులు మనకు ఎంతో తూర్పున ఉన్నా అక్కడ కూడా మన గడియారమే నడుస్తుంది కాబట్టి, హైదరాబాద్‌లో కంటే దాదాపు గంట ముందుగానే అక్కడ సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఫిబ్రవరిలో పదకొండున్నర ప్రాంతంలోనే మిట్టమధ్యాహ్నం అవుతుంది, ఐదున్నర ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు. రెండున్నరకు పడవ ఎక్కి, పగడపు దిబ్బ దగ్గరకు చేరి, అందరికీ లైఫ్ జాకెట్లు బిగించి, మాస్కులు సరిచేసేసరికి మూడున్నర అవుతుంది. అప్పటికి ఎండ ఏటవాలుగా పడుతుంటుంది; మిట్టమధ్యాహ్నం కంటే ఎక్కువ వెలుతురు నీటి పైనుంచే వెనక్కి మళ్లుతుంది. సముద్రపు నీరు అన్నిటికంటే ముందు ఎరుపు రంగును మింగేస్తుంది కనుక, నాలుగైదు మీటర్ల లోతున ఉన్న ఎర్రని పగడం పట్టపగలే మట్టిరంగులో కనిపిస్తుంది. ఎండ వాలితే ఇక బూడిదరంగే. మీరు ఇంత దూరం వెళ్లేది ఆ రంగుల కోసమే కదా! అందువల్ల ఎనిమిది, పదకొండు గంటల మధ్య స్నోర్కెలింగ్, నాలుగు గంటల తరువాత క్రూజ్, ఈ రెంటినీ విడివిడిగా ఏర్పాటు చేయమని అడగండి. ఏజెంటు ఒప్పుకోకపోతే క్రూజ్ ఒక్కటే తీసుకుని, స్నోర్కెలింగ్‌ను ద్వీపంలో దిగాక స్థానికంగా మాట్లాడుకోవచ్చు.

చిన్న బృందం అన్న మాటకు ఎవరి లెక్క వారిది. పడవలో పది మందే ఉండవచ్చు, కానీ నీళ్లలో ఆ పది మందికీ ఒక్కడే గైడ్ ఉంటే ఈత రాని మీకు బృందం చిన్నదైనందువల్ల ఒరిగేదేమీ లేదు. ఒక్కో గైడ్ ఎంతమందిని చూసుకుంటాడు, ఒక్కొక్కరు నీళ్లలో ఎన్ని నిమిషాలు ఉంటారు అనే రెండు విషయాలను రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. స్వరాజ్ ద్వీప్‌లోని ఎలిఫెంట్ బీచ్‌లో పడవ టికెట్టుతో పాటు ఉచితమని చెప్పే స్నోర్కెలింగ్ సాధారణంగా ఐదు పది నిమిషాల వ్యవహారం: మిమ్మల్ని ఒక రబ్బరు ట్యూబు పట్టుకోమని, గైడ్ దాన్ని లాక్కుంటూ ఒక చుట్టు తిప్పి ఒడ్డున వదిలేస్తాడు. నోటితో గాలి పీల్చడం అలవాటు అయ్యేలోపే ఆట ముగుస్తుంది. ఈత రాని ఇద్దరికి ఒక గైడ్ ఉండి, కనీసం అరగంటైనా నీళ్లలో ఉండనిస్తే ఆ బృందాన్ని నేను చిన్న బృందం అంటాను. అంతకంటే ఎక్కువ మందిని ఒకరికి అప్పగించే చోట పిల్లలను దింపకండి.

ఈత రాకపోవడం అడ్డంకి కాదు, ఎందుకంటే లైఫ్ జాకెట్ మిమ్మల్ని తేల్చి ఉంచుతుంది. అసలు ఇబ్బంది ముఖం నీళ్లలో పెట్టి నోటితో ఊపిరి తీసుకోవడానికి మనసు ఒప్పుకోకపోవడం. కంగారులో చాలామంది వేగంగా, పైపైన గాలి పీలుస్తారు. అలా పీల్చినప్పుడు గొట్టంలో మిగిలిపోయిన, ఒకసారి వదిలేసిన గాలే మళ్లీ లోపలికి వెళ్లి ఆయాసం ఇంకా పెరుగుతుంది. నిదానంగా, నిండుగా పీల్చి, నిండుగా వదలాలి. దీన్ని అండమాన్‌లో నేర్చుకోవలసిన పని లేదు. మీ పరిసరాల్లోని ఏదైనా ఈతకొలనులో నడుం లోతు నీళ్లలో నిలబడి, గట్టు పట్టుకుని, మాస్కూ గొట్టమూ పెట్టుకుని ముఖం వంచి ఒక్కొక్కసారి రెండు మూడు నిమిషాలు అలాగే ఉండటం సాధన చేయండి. గొట్టంలోకి నీరు వస్తే ఒక్క ఉదుటున బలంగా ఊదాలి. మాస్కులోకి నీరు చేరితే తల కొంచెం పైకెత్తి, మాస్కు పై అంచును నుదుటికి నొక్కిపట్టి ముక్కుతో గాలి వదలాలి. నీరు కింది అంచు నుంచి బయటకు పోతుంది. ఈ రెండూ వచ్చిన పిల్లలు సముద్రంలో పెద్దలకంటే త్వరగా కుదురుకుంటారు.

మీ మామయ్య గారి విషయంలో మాత్రం నేను కొంచెం గట్టిగానే చెబుతాను. మెడ దాకా నీటిలో ఉన్నప్పుడు కాళ్లలోని రక్తం కొంత ఛాతీ వైపు చేరి గుండెకు పని పెరుగుతుంది; గొట్టంలోంచి గాలి లాగడం కూడా మామూలు శ్వాస కంటే శ్రమతో కూడినదే. వీటికి భయం తోడైతే బీపీ ఉన్నవారికి ఇబ్బంది కావచ్చు. మందులు రాసే డాక్టరు స్పష్టంగా అనుమతించిన తరువాతే, అదీ ఒడ్డుకు దగ్గరగా, గైడ్ పక్కన ఉండగా దిగవచ్చు. డాక్టరు వద్దంటే చిన్నబుచ్చుకోనక్కరలేదు, ఎలిఫెంట్ బీచ్ దగ్గర అడుగున గాజు బిగించిన పడవలు ఉన్నాయి. ముఖమంతా కప్పే కొత్త రకం మాస్కులు పెద్దవారికి సౌకర్యమని కొందరు అంటగడతారు. వాటిలో వదిలిన గాలి సరిగా బయటకు పోకపోతే బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది, కంగారులో వాటిని ఊడదీయడమూ కష్టం. కాబట్టి అవి మీకు వద్దు.

ఇక క్రూజ్. దీనికి పడమటి తీరాన్నే ఎంచుకోండి. రాధానగర్ బీచ్ ఉన్నది ఆ వైపే. కాలాపత్థర్ వంటి తూర్పు తీరాల నుంచి సూర్యోదయమే తప్ప అస్తమయం కనిపించదు. ఫిబ్రవరిలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి ద్వీపం చాటున ఉండే పడమటి నీరు సాధారణంగా నెమ్మదిగానే ఉంటుంది. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు పడవ ముందు భాగంలో కూర్చోవద్దు, అక్కడే ఊపు ఎక్కువ. మధ్యలో, ఇంజను పొగ తగలని చోట కూర్చుని దూరంగా దిగంతం వైపు చూస్తూ ఉండాలి. మాత్ర అవసరమైతే డాక్టరును అడిగి పడవ ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకున్న మాత్ర ఎవరికి పనిచేసింది! సూర్యుడు మునిగిన ఇరవై నిమిషాలకే బాగా చీకటి పడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు పడవకు దీపాలు ఉంటాయా, జెట్టీ మెట్ల దగ్గర వెలుతురు ఉంటుందా అని ముందే కనుక్కోండి. పెద్దవారు పట్టు తప్పేది నడిసముద్రంలో కంటే ఆ మెట్ల దగ్గరే ఎక్కువ.

ఒక్క మాట మరచిపోయాను. టికెట్ల మీద హావ్‌లాక్ అని ఉన్నా, 2018లో పెట్టిన స్వరాజ్ ద్వీప్ అనే పేరు ఉన్నా ఊరు ఒక్కటే. అలాగే పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. సముద్రం బాగా లేని రోజున ఫెర్రీలు రద్దవుతాయి కాబట్టి, హైదరాబాద్ విమానానికి ముందటి రాత్రి శ్రీ విజయపురంలోనే ఉండేలా చూసుకోండి. అక్కడ ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మార్కెట్లో మీ అత్తగారికి మాట్లాడే మనుషులు దొరుకుతారు.

ప్రశ్న: నాకు రెండు కళ్లకూ మైనస్ నాలుగున్నర పవర్ ఉంది, గుబురు మీసం కూడా ఉంది. స్నోర్కెలింగ్ మాస్కు లోపల కళ్లద్దాలు పెట్టుకోవచ్చా? లేకపోతే నీటిలో నాకేమైనా కనిపిస్తుందా?
- ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కళ్లద్దాలు పెట్టుకోవడం కుదరదు. వాటి కాడలు మాస్కు అంచుకూ చెంపకూ మధ్య సందు చేస్తాయి, ఆ సందులోంచి నీరు వస్తుంది. మాస్కు గాజులోంచి చూస్తే నీటిలోని వస్తువులు అసలు కంటే మూడో వంతు పెద్దవిగా, కొంత దగ్గరగా కనిపిస్తాయి. ఒకటి, ఒకటిన్నర పవర్ ఉన్నవారు దీనితోనే సరిపెట్టుకోగలరు. మీకు మాత్రం పవర్ గాజులు అమర్చిన మాస్కు కావాలి. ఇవి సాధారణంగా అర పాయింటు తేడాలతో దొరుకుతాయి. కొన్ని డైవింగ్ సెంటర్లు అద్దెకు కూడా ఇస్తాయి కాని, ప్రయాణానికి ముందే ఫోన్ చేసి మీ పవర్ చెప్పి పక్కన పెట్టించుకోవాలి. కాంటాక్ట్ లెన్సులతో దిగాలనుకుంటే కళ్ల డాక్టరును అడగండి. లెన్సు కింద చిక్కుకున్న నీటిలోని సూక్ష్మజీవుల వల్ల కంటికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ రావచ్చు, కాబట్టి ఒక్క రోజు వాడి పారేసే రకమే వాడి, బయటకు రాగానే తీసి పారేయాలి.

మీసం గురించి మీరు సిగ్గుపడకుండా అడగడం బాగుంది, ఎందుకంటే మాస్కు కారడానికి మగవారిలో ఇది చాలా సాధారణమైన కారణం. మాస్కు సిలికాన్ అంచు చర్మానికి అతుక్కోవాలి. వెంట్రుకల మీద అది అతుక్కోదు. మీసం మొత్తం తీయనక్కరలేదు. ముక్కు కింద, మాస్కు అంచు ఆనే చోట ఒక సన్నని పట్టీ మేరకు కత్తిరించుకుంటే చాలు. తలకు మాస్కు పట్టీ తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా గాలి లాగి చేయి వదిలేయండి. పడిపోకుండా నిలిచిందంటే అది మీ ముఖానికి సరిపోయినట్లే. జారిపోతే ఇంకొకటి అడగండి, పట్టీ బిగిస్తే సరిపోతుందని ఎవరు చెప్పినా వినకండి. బిగించిన కొద్దీ అంచు మడతపడి ఇంకా కారుతుంది. ఆవిరి పట్టకుండా దిగే ముందు గాజు లోపలి వైపు చిన్నపిల్లల షాంపూ ఒక చుక్క రాసి కడగాలి.

ప్రశ్న: మేము అండమాన్ వెళ్తున్నామని తెలిసి మా పిన్ని ఒక పగడం ముక్క తెమ్మన్నారు, ఉంగరంలో పొదిగించుకుంటారట. ఒడ్డున పడి ఉన్నది ఏరుకుంటే తప్పేమిటి? అలాగే సన్‌స్క్రీన్ రాసుకుంటే పగడాలకు హాని అంటున్నారు, నిజమేనా?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మీ పిన్నిగారికి ముందుగా ఈ సంగతి చెప్పండి: కుజదోషానికి ధరించే ఎర్రని పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచీ, పసిఫిక్ లోతుల నుంచీ వచ్చే వేరే జాతి. అండమాన్ దిబ్బలను కట్టే పగడం చచ్చాక తెల్లని, గరుకైన సున్నపు ముక్క అవుతుంది, ఏ కంసాలీ దాన్ని ఉంగరంలో పొదగడు. పైగా దిబ్బలు కట్టే పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. అంటే చట్టం దృష్టిలో వాటికీ పులికీ ఒకే రక్షణ. ఒడ్డున దొరికిన చచ్చిన ముక్కనైనా సంచిలో వేసుకోవడం నేరమే, విమానాశ్రయంలో సామాను తనిఖీలో బయటపడితే మీ సమాధానం ఎవరూ వినరు.

సన్‌స్క్రీన్ మాట నిజమే, అయితే అందులో మెలిక ఉంది. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రెండు రసాయనాలు పగడపు పిల్లలకు హాని చేస్తాయని ప్రయోగశాలల్లో తేలడంతో, అవి ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి రాష్ట్రం 2021 జనవరి నుంచి నిషేధించింది. కొనేటప్పుడు డబ్బా వెనక ఈ రెండు పేర్లు లేవని చూసుకుని, జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకోండి. నా దృష్టిలో అంతకంటే మంచిది పొడుగు చేతుల ఈత చొక్కా. నీళ్లలో బోర్లా తేలుతూ ఉన్నప్పుడు కాలేది వీపూ, మెడా, పిక్కలూ. అక్కడికి మన చేయి సరిగా అందదు, రాసుకున్నది కూడా కడుక్కుపోతుంది.

పగడాలకు పెద్ద దెబ్బ మాత్రం వేడి వల్లే. వాటి కణాలలో నివసించే సూక్ష్మ శైవలాలే (నాచు జాతి జీవులే) వాటికి రంగునూ, చాలావరకు ఆహారాన్నీ ఇస్తాయి; నీరు మరీ వేడెక్కితే ఆ శైవలాలు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. 2010లో అండమాన్‌లో చాలా దిబ్బలు ఇలా తెల్లబడ్డాయి. ముద్దగా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ మాత్రమే పెరుగుతాయి కాబట్టి, ఫొటో కోసం ఎవరైనా కాలు మోపి విరిచిన గుమ్మడికాయంత ముద్ద మళ్లీ పెరగడానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే లెక్క కట్టుకోవచ్చు. ఆటు సమయంలో దిబ్బ మీద నీరు నడుం లోతు కూడా ఉండదు, మోకాళ్లు గీసుకుపోతాయి. కాబట్టి పోటు వేళ ఎప్పుడో అడిగి దిగండి.

ప్రశ్న: స్నోర్కెలింగ్ చేసిన రోజే విమానం ఎక్కవచ్చా?
- ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: నీటి పైనే తేలుతూ చేసే స్నోర్కెలింగ్ తరువాత విమానం ఎక్కడానికి ఇబ్బంది లేదు. స్కూబా డైవింగ్ చేస్తే మాత్రం ఒక్క డైవ్ తరువాత కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. చాలామంది శిక్షకులు 24 గంటలు ఆగమంటారు. సిలిండరు గాలి పీల్చినప్పుడు లోతులోని ఒత్తిడి వల్ల రక్తంలో కరిగిన నత్రజని, విమానంలో ఒత్తిడి తగ్గినప్పుడు బుడగలుగా మారే ప్రమాదం ఉండటమే దీనికి కారణం. కాబట్టి స్కూబాను యాత్ర మొదటి రోజుల్లో పెట్టుకుని, స్నోర్కెలింగ్‌ను చివరికి ఉంచుకోండి.