నీళ్లు నిలిచిన చేలో వరి వేరు ఎందుకు కుళ్లదు?

వేరులోని కొన్ని కణాలు జన్యువుల ఆదేశంతో తామే చనిపోయి గాలికి దారి ఇస్తాయి కాబట్టి. నీరు నిలిచిన మట్టిలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. వేరు బెరడులో కణాలు కరిగిన చోట గొట్టాల్లాంటి ఖాళీలు ఏర్పడతాయి; ఆకుల నుంచి గాలి వాటి గుండా వేరు కొసకు చేరుతుంది. వరిలో ఇవి సహజంగానే ఉంటాయి, నీటిలో మునిగిన వేరులో పోగుపడే ఇథిలీన్ వాయువు వాటిని ఇంకా పెంచుతుంది.

గోదావరి డెల్టాలో వరి కోశాక అదే చేలో వేసే మినుముకు ఈ ఏర్పాటు అంతగా లేదు. అకాల వర్షానికి నీరు నిలిస్తే అందుకే త్వరగా దెబ్బతింటుంది.

వరి వేరు కోస్తే కనిపించే బోలును చాలామంది కుళ్లు అనుకుంటారు. కుళ్లులో కణాలను చంపేవి సూక్ష్మజీవులు; ఇక్కడ చంపేది మొక్కే. దీన్ని ఆటోఫేజీతోనూ కలపకూడదు (రెండింటికీ సంబంధం లేకపోలేదు): కణం తన పాత భాగాలను అరిగించుకునే ఆ పని చాలావరకు బతకడానికే.