రెకన్సైల్, అపీజ్: రెండూ రాజీయేనా?

తిరుపతిలో పోటీ పరీక్షలకు చదువుతున్న ఒకరు రెకన్సైల్ (reconcile), అపీజ్ (appease) అనే రెండు ఇంగ్లిషు క్రియల తేడా అడిగారు. రాజీ అన్న అర్థం నిజంగా సరిపోయేది రెకన్సైల్‌కే. ప్రహరీ గోడ తగాదాతో మాటలు మానేసిన అన్నదమ్ములు గంగమ్మ జాతరకు మళ్లీ ఒకే పంక్తిలో భోజనానికి కూర్చుంటే, వాళ్లు రెకన్సైల్ అయినట్టు. లాటిన్‌లో ‘రె’ అంటే మళ్లీ, ‘కన్సిలియారే’ అంటే కలపడం.

అలా కాక, అన్న కోపం చల్లారితే చాలని, ఆయన అడిగినంత స్థలమూ తమ్ముడు వదిలేస్తే అది అపీజ్. ఈ మాటకు చెడ్డపేరూ ఉంది. 1938లో మ్యూనిక్‌లో హిట్లర్ కోరింది ఇచ్చి శాంతి కొనాలనుకున్న బ్రిటన్ విధానాన్ని అపీజ్‌మెంట్ అనే అంటారు.

పరీక్షల్లో అసలు చిక్కు రెకన్సైల్ పక్కన వచ్చే చిన్న మాటలతోనే. మనిషితో కలిసిపోతే ‘విత్’, తప్పని పరిస్థితికి మనసు సర్దుకుంటే ‘టు’. సొంత లెక్కలను బ్యాంకు ఖాతాతో సరిపోల్చడానికీ ఇదే క్రియ. గుమాస్తాలకు ఆ అర్థమే ముందు గుర్తొస్తుంది! పలికేటప్పుడు ‘రీ’ అని సాగదీయకండి, ‘రె’ను పొట్టిగా, నొక్కి పలకాలి.