ఆ 'కాబట్టి' తీసెయ్

చెల్లీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివా. మొదటి పేజీ ముట్టుకోకు. పుట్టిన పాప నోట్లోంచి నురగ రావడం, ట్యూబ్ వేస్తే లోపలికి పోకుండా మధ్యలోనే ఆగిపోవడం, అప్పుడుగానీ అన్నవాహిక మధ్యలో తెగి ఉందని తెలియకపోవడం, చదువుతుంటే నాకే గొంతు పట్టేసినట్టయింది. కింది ముక్క వెళ్ళి గాలిగొట్టానికి అతుక్కుని ఉంటుందని కూడా రాశావ్, చాలామంది అది వదిలేస్తారు. 1941లో కామెరాన్ హైట్ ఒకే ఆపరేషన్‌లో రెండు కొసలూ కలిపి బిడ్డని బతికించిన సంగతి మాత్రం ఒక్క లైన్ చాలు, నువ్వు పేజీ తినేశావ్.

గొడవంతా తర్వాత. "యాసిడ్ పైకి తన్నుతుంది, కాబట్టి కుట్టు దగ్గర దారి ఇరుకవుతుంది, కాబట్టి యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ ఇస్తారు, కాబట్టి ఇరుకు రాదు" అన్నావ్. ఆ చివరి 'కాబట్టి' ఎవరిచ్చారు నీకు? కొసలు దూరంగా ఉంటే లాగి కుట్టినా ఇరుకు రావచ్చు, కుట్టు లీకైనా రావచ్చు, యాసిడ్ ఒక్కదాని మీదే నెట్టెయ్యలేం. 2016లో యూరప్, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ డాక్టర్ల సంఘాలు కలిసి మొదటి ఏడాది ఈ మందు ఇమ్మన్నాయి నిజమే, కానీ అది చాలావరకు నిపుణుల అభిప్రాయం మీద నిలబడ్డ సలహా. నేనూ కొత్తలో ఒక మందుని 'రామబాణం' అని రాసి తర్వాత నాలిక్కరుచుకున్నా, అందుకే చెప్తున్నా.

పాత కేస్ షీట్లు తిరగేసి మందు వాడిన పిల్లలూ వాడని పిల్లలూ అని లెక్క తీస్తే సరిపోదా అంటావేమో. పరిస్థితి బాగా లేని పిల్లలకే డాక్టర్ మందు ఎక్కువ రాస్తాడు కదా, అప్పుడు మందు వాడినవాళ్ళకే ఇరుకు ఎక్కువొచ్చినట్టు కనపడుతుంది, తప్పు మందుదో జబ్బుదో తేలదు. అందుకే చీటీ తీసినట్టు కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి, ఎవరికేది వెళ్ళిందో తల్లికీ డాక్టర్‌కీ కూడా తెలియకుండా ఉంచాలి. సుమారు 3000 నుంచి 4000 మందిలో ఒకరికి వచ్చే జబ్బు, ఒక్క ఆస్పత్రిలో పిల్లలు సరిపోరు, చాలా ఆస్పత్రులు కలవాలి. కలిసినా ఇంకో చిక్కు, ఒక డాక్టర్ పాప మింగడానికి ఇబ్బంది పడేదాకా ఆగుతాడు, ఇంకొకరు ఎక్స్‌రేలో సన్నగా కనపడగానే బెలూన్ పెట్టి వెడల్పు చేసేస్తారు, మరి 'ఇరుకు వచ్చింది' అని దేన్ని లెక్కపెట్టాలి? నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, దీనికి రెండు పేజీలివ్వు.

యాసిడ్ ఊరికే ఉండదు, క్రిముల్ని చంపుతుంది. దాన్ని తగ్గిస్తే ఇన్‌ఫెక్షన్లు పెరుగుతాయేమోనన్న భయం కూడా ఉంది, అది కూడా రాయి. 'పసిపిల్లల మీద ప్రయోగాలు' అనే హెడ్డింగ్ మాత్రం పీకెయ్, పరీక్ష చెయ్యకుండా ఏళ్ళ తరబడి ఇవ్వడం ఇంకేమిటి మరి?

ఇంకోటి. ఆపరేషనై రెండ్రోజులు కూడా కాలేదు, బిడ్డ ఐసీయూలో ఉంది, ఎవరో వచ్చి ఇలాంటి మందు పరీక్షలో (ట్రయల్) బిడ్డని చేర్చడానికి ఒప్పుకోలు కాగితం చేతిలో పెట్టారు, ఆ తల్లి సంతకం పెట్టిందా లేదా? నువ్వు ఆవిడతో మూడు గంటలు మాట్లాడానన్నావ్, అది మాత్రం ఎక్కడా లేదు. ఫోన్ చేసి అడుగు. అడిగాక వర్డ్ ఫైల్ పంపు, పీడీఎఫ్ వద్దు, అందులో ఎర్రగీతలు పెట్టడం నాకింకా రాలేదు.