ఖాళీ గడి అంటే ‘లేదు’ కాదు

చిట్టితల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంట్లో హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే సఖి కేంద్రంలో కౌన్సెలరుగా చేరి నెల తిరగకముందే నీ చేతికి ట్యాబ్ ఇచ్చారని రాశావు. వచ్చిన మనిషిని ప్రశ్నలు అడిగి జవాబులు నింపితే, ఆమె ప్రాణానికి ఎంత ముప్పు ఉందో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో చూపిస్తుందట. ‘దీన్ని నమ్మవచ్చా పెద్దమ్మా?’ అని అడిగావు. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను.

నమ్ము. కానీ ఒక దిక్కుకే నమ్ము. ముప్పు ఉందని అది చెబితే మారుమాట లేకుండా నమ్ము. ముప్పు లేదంటే మాత్రం, ఆమె మాటతో, నీ కళ్ళతో రూఢి అయ్యేదాకా నమ్మవద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో అర్థం కావాలంటే నా తప్పు ఒకటి నీకు చెప్పాలి.

2006 అక్టోబరులో గృహ హింస చట్టం అమలులోకి వచ్చింది. ఆ తరువాత కొద్ది కాలానికే నేను ఈ పనిలోకి వచ్చాను. ఆ తొలి రోజుల్లో ఒకామె వచ్చింది, పాతికేళ్ళుంటాయేమో. మే నెల ఎండలో మెడ చుట్టూ చెంగు బిగించి కప్పుకుని ఉంది. ‘కొట్టాడా అమ్మా?’ అన్నాను. ‘లేదమ్మా, కొట్టలేదు’ అంది. గొంతు బొంగురుగా ఉంటే జలుబు చేసిందేమో అనుకున్నాను. మంచినీళ్ళిస్తే రెండు గుక్కలు కష్టంగా మింగి గ్లాసు కింద పెట్టేసింది. అదీ చూశాను. చూసి కూడా నోటుబుక్కులో ‘కొట్టడం లేదు, మాటల గొడవ, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాలి’ అని రాసుకున్నాను. భర్తను పిలిపించాం, సర్దిచెప్పి పంపాం. పదకొండు రోజుల తరువాత ఆమెను ఆసుపత్రి మంచం మీద చూశాను. బతికింది. పక్కన కూర్చుంటే నెమ్మదిగా అంది: ‘ఆ రోజు కొట్టాడా అని అడిగారు. కొట్టలేదు, గొంతు పిసికాడు. అది మీరు అడగలేదు కదా.’ నిందించడానికి అన్న మాట కాదది. నాకు తెలియని విషయం ఒకటి చెబుతున్నట్టుగా అంది.

ఆ తరువాతే చదవడం మొదలుపెట్టాను. అంతకుముందు గొంతు పట్టుకున్న భర్త చేతిలో ఆ స్త్రీ హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని 2008లో అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది. గొంతు నులిమినప్పుడు చాలామందికి పైన ఒక్క గుర్తు కూడా కనిపించదు. గొంతు బొంగురు పోవడం, మింగడం కష్టం కావడం, కళ్ళలో ఎర్రటి చుక్కలు, కాసేపు స్పృహ తప్పడం, తెలియకుండా మూత్రం పడిపోవడం, ఇవే ఆనవాళ్ళు. ఇవి కనిపించాయంటే ముందు ఆసుపత్రి, ఆ తరువాతే నీ ప్రశ్నలు. మెడలో రక్తనాళం దెబ్బతిని ఉంటే రోజుల తరువాత కూడా ప్రాణం మీదికి రావచ్చు.

నీ ట్యాబ్ విలువ నాకు అక్కడ కనిపిస్తుంది. ఆ రోజు నా దగ్గర అటువంటిది ఉండి, ‘గొంతు పట్టుకున్నాడా, పీక నొక్కాడా, మొహం మీద దిండు పెట్టాడా?’ అన్న ప్రశ్న దాటకుండా ఆపి ఉంటే ఆమె అవునని చెప్పేది. పదిమంది కథలు విన్న సాయంత్రం మనిషి అలసిపోతుంది, అలసిన మనిషి కష్టమైన ప్రశ్నను దాటేస్తుంది. యంత్రానికి ఆ అలసట లేదు.

అయితే ప్రశ్న ఎలా రాశారో చూడు. ‘మీపై భౌతిక హింస జరిగినదా?’ అని తెర మీద ఉంటే అలాగే చదవకు. మన ఆడవాళ్ళ నోట ఆ మాట రాదు. ‘చెయ్యి చేసుకుంటాడు’ అంటారు, ‘మీద పడతాడు’ అంటారు, అన్నిటికన్నా ఎక్కువగా ‘మామూలేనమ్మా’ అంటారు. ఆ ‘మామూలే’ వినగానే చెయ్యి ఆపి, మామూలంటే ఏమిటో చెప్పమను. అక్కడి నుంచే అసలు సంగతి బయటకు వస్తుంది. పడకగది విషయం కూడా అంతే. ‘నీకు ఇష్టం లేనప్పుడు కూడా వదలడా?’ అని అడుగు, తలవంచుకుని జవాబు చెప్పేదాకా ఆగు.

ప్రశ్నల మూలాలు కూడా తెలుసుకో. ఈ పద్ధతులు చాలావరకు విదేశాల్లో పుట్టాయి. అమెరికాలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సింగ్ ఆచార్యురాలు 1985లో తయారుచేసిన ప్రశ్నావళి వాటిలో పేరున్నది, ఇప్పుడు అందులో 20 ప్రశ్నలున్నాయి. బ్రిటన్‌లో 2009 నుంచి వాడుతున్న డాష్ అనే పట్టికలో 27 ఉన్నాయి. మంచి ప్రశ్నలే. విడిపోతానని చెప్పిందా, కడుపుతో ఉండగా కొట్టాడా, చంపుతానన్నాడా, వెంటపడి కాపు కాస్తున్నాడా, హింస ఈ మధ్య పెరిగిందా, ఇవన్నీ మన దగ్గరా పనికొస్తాయి. కానీ అమెరికావాళ్ళకు ఇంట్లో తుపాకి ఉందా అన్నది ప్రాణం కాపాడే ప్రశ్న. మన ఇళ్ళలో అడగవలసింది కిరోసిన్ డబ్బా గురించి, పెట్రోలు సీసా గురించి, పొలానికి తెచ్చిన పురుగుమందు గురించి, పెరట్లో బావి గురించి. కట్నం బాకీ గురించి, రెండో పెళ్ళి మాటల గురించి అడగాలి. కొట్టేది భర్త ఒక్కడేనా, అత్త, మరిది, ఆడపడుచు కూడా చెయ్యి వేస్తారా అని అడగాలి. ఇవి నీ ట్యాబ్‌లో లేకపోతే కాగితం మీద రాసుకుని విడిగా అడుగు, చేర్చమని పైవాళ్ళకు రాతపూర్వకంగా పంపు. ‘చచ్చిపోదామనిపిస్తోందా?’ అని అడగడానికి భయపడకు. అడిగితే ఆలోచన పుట్టదు, ఉన్నది బయటపడుతుంది. అవునంటే ఒంటరిగా పంపవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు నీ ఫోను నుంచే కలిపి మాట్లాడించు.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టే సంగతి. చాలా ప్రోగ్రాముల్లో జవాబు నింపని గడిని ‘లేదు’గా లెక్కేస్తారు. ఆమె చెప్పకపోవచ్చు, నువ్వు అడగకపోవచ్చు, పక్కన అత్తగారు కూర్చుని ఉండవచ్చు. మూడూ సున్నాలే అవుతాయి. సున్నాలు కూడి ఆకుపచ్చ రంగు వస్తుంది. ఎక్కువ భయపడిన మనిషే తక్కువ మాట్లాడుతుంది కదా, అంటే అందరికన్నా ముప్పులో ఉన్న మనిషికే తక్కువ మార్కులు పడతాయి! ‘లేదు’, ‘తెలియదు’, ‘చెప్పలేదు’, ‘అడగలేదు’ అని నాలుగు వేరు వేరు జవాబులు ఉండాలని పట్టుబట్టు. వెంట వచ్చినవాళ్ళు గది వదలకపోతే ఆధార్ జిరాక్సు కావాలని బయటి కొట్టుకు పంపు. ఆ పది నిమిషాల్లో ఆమె చెప్పేది గంట సేపు అందరి ముందు చెప్పినదానికన్నా విలువైనది.

క్యాంప్‌బెల్ పద్ధతిలో నాకు నచ్చిన పని ఇంకొకటి ఉంది, దానికి కరెంటు కూడా అక్కరలేదు. ప్రశ్నలకు ముందు ఆమె చేతికి క్యాలెండరు ఇచ్చి, గడచిన ఏడాదిలో దెబ్బలు తిన్న రోజుల మీద గుర్తు పెట్టమంటారు. మనవాళ్ళకు తారీఖులు గుర్తుండవు, పండుగలు గుర్తుంటాయి. ‘సంక్రాంతికి పుట్టింటికి వెళతానన్నందుకు, ఉగాది ముందు రోజు, బాబు పుట్టినరోజు రాత్రి, డ్వాక్రా మీటింగు నుంచి ఆలస్యంగా వచ్చినప్పుడు...’ అంటూ వేలు జరుపుతుంది. ఒకామె అలా ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుడుతూ శ్రావణమాసం దాకా వచ్చి ఆగిపోయింది. మొదటి పేజీల్లో నెలకు ఒకటి, ఇక్కడ వారానికి రెండు. ‘ఇంత దగ్గర దగ్గరగా అయ్యాయా?’ అని తనలో తానే అనుకుంది. నేను చెప్పి ఉంటే ఒప్పుకునేది కాదు. తొందర పెట్టకుండా ఆ పని చేయించు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి దాదాపు 37 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది భర్త చేతిలో హింసకు గురయ్యామన్నారు. దేశం మొత్తం మీద హింసకు గురైనవాళ్ళలో ఎవరినైనా సాయం అడిగినవాళ్ళు 14 శాతమే. నీ ఎదుట కూర్చున్న మనిషి అక్కడికి రావడానికి ఎంత దూరం నడిచిందో ఆలోచించు.

రంగును గుడ్డిగా పట్టుకుంటే ఏమవుతుందో స్పెయిన్ చూపించింది. అక్కడ 2007 నుంచి వియోహెన్ అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. పోలీసులు ఫిర్యాదు రాసుకునేటప్పుడు ముప్పు ఏ మెట్టులో ఉందో అది చెబుతుంది. మనిషి ఒక ఊరు వదిలి ఇంకో ఊరు వెళ్ళినా పాత ఫిర్యాదు కొత్త స్టేషనులో కనిపిస్తుంది. అది నిజంగా పెద్ద మేలు. మన దగ్గర ఆసుపత్రి రిజిస్టరులో ‘జారిపడింది’ అని మూడుసార్లు, స్టేషనులో ‘రాజీ’ అని రెండుసార్లు ఉంటాయి. ఆ ఐదూ ఒకే మనిషివని ఎవరికీ తెలియదు. ఆమె ఒప్పుకుంటే వాటిని ఒకచోటికి తేవడం యంత్రం చేయగల గొప్ప పని. కానీ స్పెయిన్‌లో ఆ వ్యవస్థ అంచనా వేసిన తరువాత కూడా చనిపోయినవాళ్ళున్నారు. అటువంటి 98 హత్యలను న్యాయ సంస్థలు పరిశీలిస్తే, 55 మందికి ముప్పు తక్కువనో, లేనట్టేననో వచ్చి ఉంది. అక్కడి పోలీసులకు మెట్టు పెంచే అధికారం ఉంది. అయినా చాలాసార్లు యంత్రం చెప్పినదాన్నే ఉంచేశారు. నువ్వు అలా చేయకు. ‘నన్ను చంపేస్తాడు’ అని ఆమె అంటే తెర ఏ రంగులో ఉన్నా ఎరుపు కింద నమోదు చేసి, కారణం నీ మాటల్లో రాయి. తగ్గించాలంటే నీకు పది కారణాలు కావాలి, పెంచడానికి ఆమె భయం ఒక్కటి చాలు.

ఫోను నంబరు గడి దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త. నేను చూసిన ఒక చోట, వివరాలు నమోదు కాగానే ‘మీ ఫిర్యాదు స్వీకరించబడింది’ అని దానంతట అదే మెసేజి వెళ్ళేది. ఆమె ఇచ్చిన నంబరు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోనుది. అది భర్త చొక్కా జేబులో ఉంది. ఆమె బస్సు దిగి ఇంటికి చేరేసరికే అతనికి తెలిసిపోయింది. కాబట్టి ఆ నంబరు ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వేళలో మాట్లాడవచ్చు అని ముందే అడిగి, మెసేజిలు ఆపించు. ఆమెకు సొంత ఫోను ఉంటే, వాట్సాప్‌లో వేరే కంప్యూటర్ జత చేసి ఉందేమో, లొకేషన్ ఎవరికైనా వెళుతోందేమో చూపించు. కానీ అక్కడికక్కడే తీసేయించవద్దు. గూఢచారి యాప్ మాయమైతే అతనికి అనుమానం వస్తుంది. ఆమె బయటపడే ఏర్పాటు జరిగాకే తీయాలి, అంతవరకు ముఖ్యమైన మాటలు వేరే ఫోనులో. బెదిరింపు మెసేజిలు చెరిపేయనివ్వకు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం కావాలి, ఆ సంగతి వకీలుతో ముందే మాట్లాడు. ట్యాబ్‌ను బల్ల మీద తెరిచి వదలకు, ఫలితం ముద్రించి ఆమె చేతికి ఇవ్వకు. సంచిలో కాగితం దొరికితే చాలు.

ఎరుపు వచ్చిందంటే ఆ సాయంత్రానికల్లా పని జరగాలి. ఫారం 1లో గృహ హింస ఘటన నివేదిక రాసి రక్షణాధికారి ద్వారా మేజిస్ట్రేటుకు పంపించు. దరఖాస్తు కోర్టుకు అందాక సాధారణంగా మూడు రోజుల లోపల తొలి విచారణ పెట్టాలని చట్టంలోనే ఉంది. అత్యవసరమైతే అవతలివాళ్ళను వినకుండానే సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు. నిబంధనల్లో ఫారం 5 అని ఒకటి ఉంది, భద్రతా ప్రణాళిక. ఎవరూ సరిగా నింపరు. హింస ఏమిటి, ఆమె భయం ఏమిటి, భద్రతకు ఏమి కావాలి అని అందులో వరుసగా గడులుంటాయి. రంగు వచ్చిన వెంటనే ఆ ఫారం తీసి ఆమెతో కలిసి నింపు. రాత్రి తలుపు తడితే ఎవరింటికి పరుగెత్తుతుంది, పిల్లల సర్టిఫికెట్లు, బంగారం, బ్యాంకు పుస్తకం ఎక్కడ దాస్తుంది, 112కు ఎవరు ఫోను చేస్తారు, ఇవన్నీ అందులో పేర్లతో సహా ఉండాలి. వారానికోసారి మళ్ళీ అడిగి మార్చు. ముఖ్యంగా ఆమె ఇల్లు వదిలిన మొదటి వారాల్లో. విడిపోయింది కాబట్టి గండం గడిచిందనుకుంటారు, అప్పుడే గండం ఎక్కువ.

ఆకుపచ్చ వచ్చింది కాబట్టి రాజీ చేసి పంపేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఆ రంగు అందుకు తయారుచేసింది కాదు.

పెద్ద గడులున్న తెలుగు క్యాలెండర్లు పది, ఎర్ర పెన్సిళ్ళు ఒక డబ్బా రేపటి కొరియరులో పంపుతున్నాను. సోమవారం ఆఫీసుకు వెళ్ళగానే ముందు ట్యాబ్ తయారుచేసినవాళ్ళను రెండు అడుగు: ఖాళీ గడిని ఏమని లెక్కేస్తున్నారు, మెసేజి దానంతట అదే ఎవరికైనా వెళుతోందా. వాళ్ళ జవాబు నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ